కోపెన్‌హేగెన్‌లో చూసిన సూది

అక్కా,

కోపెన్‌హేగెన్ శివారు హెర్లెవ్ నుంచి రాస్తున్నా. ఇక్కడి ఆసుపత్రి 28 అంతస్తులు, 120 మీటర్ల ఎత్తు. కానీ నేను చెప్పాలనుకున్న వింత ఒక సూది. పొడుగు మీటరు దాటుతుంది, లావు మిల్లీమీటరు కూడా ఉండదు. దానితో క్లోమం నుంచి కణాలు తీస్తారు.

క్లోమం పొట్ట వెనక, వెన్నెముక ముందు దాక్కుని ఉంటుంది. పైనుంచి స్కాన్ చేస్తే పొట్టలోని, పేగుల్లోని గాలి అడ్డు. అందుకే 1980 ప్రాంతంలో నోట్లోంచి దించే ఎండోస్కోప్ గొట్టం కొసకే అల్ట్రాసౌండ్ అమర్చారు. దాని వెంట సూది పంపి క్లోమం నుంచి కణాలు తీసిన సంగతిని 1992లో ప్రచురించింది ఈ దేశపు సర్జన్ పీటర్ విల్మన్ బృందం.

నిన్న ఒక డాక్టరుగారు ఆ పని తెర మీద చూపించారు. బూడిదరంగు మసకలో నల్లటి గడ్డ. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ నొక్కగానే పక్కనున్న రక్తనాళం ఎర్రగా వెలిగింది. దాన్ని తప్పించుకుంటూ సూది తెల్లగీతలా దిగింది. గడ్డలో కొన్నిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి తీశారు. వచ్చిన చుక్కను స్లైడు మీద పరిచి, రంగు వేసి, అక్కడే మైక్రోస్కోపు కింద పెట్టారు. సరిపడా కణాలు రాకపోతే అప్పుడే ఇంకోసారి గుచ్చుతారట. ఇన్నేళ్ళుగా స్లైడ్లకు రంగు వేస్తున్నదాన్ని, ఆ చుక్క ఎక్కణ్ణుంచి వస్తుందో చూడడం ఇదే మొదలు. పెదనాన్నకు ఆ రోజుల్లో జబ్బేమిటో తెలుసుకోవడానికే పొట్ట కోశారు, గుర్తుందా?

అన్నవాహిక లోంచి ఛాతీలో ఉబ్బిన లింఫు గ్రంథులను, అంటే బిళ్ళలనూ ఇలాగే గుచ్చుతారు. క్షయ బిళ్ళా, క్యాన్సర్ బిళ్ళా స్కానులో ఒకేలా కనబడొచ్చు; మందులు మాత్రం వేరు. క్లోమంలోనూ స్టెరాయిడ్లతో తగ్గే వాపు ఒకటి అచ్చం క్యాన్సర్ గడ్డలా ఉంటుంది. కోసి తీసేయగల గడ్డకు ఒక్కోసారి సూది లేకుండానే ఆపరేషన్ చేస్తారు. కీమోథెరపీ ఇవ్వాలంటే మాత్రం ముందు కణాలతో రుజువు కావాలి. ఈ సూదితో అరుదుగా రక్తస్రావం, క్లోమం వాపు రావచ్చు. అయినా పొట్ట కోయడంతో దీనికి పోలికే లేదు.

మీ మామగారికి క్లోమం తల దగ్గర వాపు అన్నావుగా. చిన్నపేగు మొదట్లోంచి సూది అక్కడికి చేరుతుంది. హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నారని డాక్టరుకు ముందే చెప్పు. రిపోర్టులో క్యాన్సర్ కణాలు కనబడలేదని వస్తే అంతటితో వదిలేయకు. అనుమానం మిగిలి ఉంటే మళ్ళీ తీయాలేమో అడుగు.

నీ చెల్లి