అద్దంలాంటి నీళ్లు... అడుగున చేప

నీళ్లు తేటగా ఉంటే చేపను పట్టడం తేలికనుకుంటాం. ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది కదా... గాలం వేయడమే తరువాయి! అమెరికాలోని లేక్ తాహోలో ఆ లెక్క తలకిందులవుతుంది. మనకు చేప కనిపించినట్టే చేపకీ మనం కనిపిస్తాం. పడవ నీడ, గాలం తాడు... అన్నీ దానికి తెలిసిపోతాయి. రచయిత మార్క్ ట్వైన్ 1861లో ఆ ఒడ్డున కొన్నాళ్లు మకాం వేశాడు. ఎనభై అడుగుల లోతు వరకూ అడుగు కనిపించేదనీ, ట్రౌట్ చేపలు కళ్లెదుటే వేలల్లో తిరిగేవనీ, అయినా సగటున వారానికి ఒక్కటి కూడా పడలేదనీ 1872లో అచ్చయిన ‘రఫింగ్ ఇట్’ పుస్తకంలో చెప్పుకున్నాడు.

అలాంటి సరస్సు మీదికి జులైలో ఓ తెల్లవారుజామున వెళ్లిన పడవలో కొల్లేటి పెద్దాయన ఒకరున్నారు. ఆయన పుట్టింది లంక గ్రామంలో. నడక సరిగా రాకముందే తాటిదోనెలో కూర్చోవడం వచ్చింది. బెండు కదిలే తీరు చూసి కింద ఉన్నది జెల్లో కొర్రమీనో చెప్పేస్తారు. కొడుకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆర్నెల్లు ఉందామని వచ్చిన తండ్రికి నాలుగో నెలకే పొద్దుపోవడం కష్టమైపోయింది. పార్కులో నడక, టీవీలో సీరియలు, మళ్లీ నడక. అది గమనించే కొడుకు ‘నాన్నా, చేపలు పట్టడానికి వెళ్దామా?’ అన్నాడు. నాలుగు గంటల ప్రయాణం. పదేళ్ల మనవడు కూడా బయల్దేరాడు.

లైసెన్సు లేకుండా గాలం ముట్టుకోకూడదు. సరస్సులో మూడింట రెండొంతులు కాలిఫోర్నియాది, మిగతాది నెవాడాది. ఏ రాష్ట్రం లైసెన్సు తీసుకున్నా సరస్సంతటా చెల్లుతుంది. మనిషికి రోజుకి ఐదు చేపలు. అందులో మాకినా అనే పెద్ద ట్రౌట్ రెండుకి మించకూడదు. ఆ నిబంధనలన్నీ విని ‘మన దగ్గర వల వేసినవాడిదే రాజ్యం’ అని నవ్వారు పెద్దాయన.

పడవ ఒడ్డు దాటాక ఆయన చేసిన మొదటి పని... చెయ్యి ముంచి, దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూడటం.

‘వాసనే లేదేంట్రా! నాచు లేదు, పాచి లేదు. ఇందులో చేప ఏం తిని బతుకుతుంది?’

అసలు ప్రశ్న అదే. తాహో ఎంత పెద్దదంటే... పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. లోతు కొన్నిచోట్ల 501 మీటర్లు. కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు! తాహో ఉన్నది సముద్రమట్టానికి 1,897 మీటర్ల ఎత్తున, చుట్టూ ఎక్కువగా గ్రానైట్ కొండలు. వాటి మీద మట్టి పల్చన. మంచు కరిగి వచ్చే నీళ్లలో నాచుకి కావలసిన నత్రజని, భాస్వరం అంతంతమాత్రం. నాచు పెరగదు కాబట్టే నీళ్లు తేట. రైతు భాషలో చెప్పాలంటే ఎరువు పడని చెరువది. అందుకే అక్కడ చేపలు తక్కువ, ఎదుగుదలా నిదానం.

పైగా వేసవిలో ట్రౌట్ పైకి రాదు. అది చల్లటి నీటి చేప. ఎండకి పై నీళ్లు వెచ్చబడగానే మాకినా అడుక్కి దిగిపోతుంది. దాన్ని పట్టాలంటే మామూలు గాలం చాలదు. పడవ వెనక ఉక్కు తీగకి నాలుగైదు కిలోల సీసపు గుండు కట్టి రెండొందల అడుగుల లోతుకి వదులుతారు. గాలం తాడుని ఆ తీగకి ఓ క్లిప్పుతో తగిలిస్తారు. కొసన చిన్న చేపలా మెరిసే రేకు. పడవ నడక వేగంతో సాగుతుంటే కింద ఆ రేకు ఈదుతున్నట్టే ఉంటుంది. చేప లాగిందంటే క్లిప్పు ఊడి, వంగి ఉన్న గాలం కర్ర ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎక్కడ తిప్పాలో తెరమీద సోనార్ చూపిస్తుంది. అవన్నీ కెప్టెన్ చేసిపెడుతుంటే, మంకీ క్యాప్ సర్దుకుంటూ ‘మరి మనం చేసేదేముంది?’ అన్నారు పెద్దాయన కాస్త నిరాశగా.

గంటన్నర గడిచింది. ఎండ కొండల మీంచి దిగి నీళ్లని తాకింది. పడవ పక్క నుంచి చూస్తే నీలం... ఇంకా నీలం... అంతే. మనవడికి ఆవలింతలు మొదలైన సమయంలో కర్ర లేచింది. ‘తాతయ్యా!’ అని వాడు అరిచేలోపే ఆయన చేతులు కర్ర మీదున్నాయి. రీలు ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు. చేప గుంజినప్పుడు వదలడం, అలిసినప్పుడు లాగడం... ఆ విద్యకి భాష అక్కర్లేదు. పది నిమిషాలకి బూడిదరంగు ఒంటి మీద తెల్లటి మచ్చలతో రెండు కిలోల మాకినా వలసంచిలోకి వచ్చింది.

దాన్ని తిప్పి చూసి పెద్దాయన అడిగిన ప్రశ్నని కొడుకు ఇంగ్లిషులోకి మార్చాడు... ‘ఇది ఇక్కడి చేపేనా, తెచ్చి వేసిందా?’

కెప్టెన్ నవ్వేశాడు. చేప పట్టినవాళ్లు బరువెంతని అడుగుతారట. ఊరేదని అడిగినవాళ్లు లేరట!

తెచ్చి వేసిందే. తాహోకి సొంత చేప లహోంటన్ కట్‌త్రోట్. గొంతు కింద ఎర్రటి గీత ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఏటా వేసవికి లోయల్లోంచి వాషో తెగవాళ్లు ఆ చేపల కోసమే సరస్సు దగ్గరికి వచ్చేవారు. తాహో అన్న పేరు కూడా వాళ్ల మాటలోంచి పుట్టిందే. 19వ శతాబ్దం రెండో సగంలో తెల్లవాళ్లు వలలు దించారు. రైళ్లకెత్తి నగరాలకి పంపారు. అడవులు నరికారు. గుడ్లు పెట్టే ఏళ్లు పూడిపోయాయి. 1880ల చివర్లో మహా సరస్సుల ప్రాంతం నుంచి మాకినాని తెచ్చి వదిలారు. అది పిల్ల చేపల్ని మింగేసింది. 1930ల చివరికి సొంత చేప తాహోలో లేకుండా పోయింది.

కథ అక్కడితో ఆగలేదు. ఒడ్డుకొచ్చి చేపని కోస్తూ కెప్టెన్ దాని కడుపులోంచి గోరంత రొయ్యల్ని తీసి మనవడి అరచేతిలో పెట్టాడు. వాటి పేరు మైసిస్. తెచ్చిపెట్టుకున్న మాకినా బాగా పెరగాలంటే మేత కావాలి కదా... 1960లలో ఆ రొయ్యల్నీ తెచ్చి వేశారు. వేసింది దొంగచాటుగా ఎవరో కాదు, ప్రభుత్వ మత్స్యశాఖలే. పగలు చీకటి అడుగున దాక్కునే ఆ రొయ్య రాత్రిపూట పైకొచ్చి డాఫ్నియా అనే నీటి ఈగల్ని తినేసింది. నాచుని తిని నీళ్లని తేటగా ఉంచే ఈగలవి. 1970ల మొదటికే అవి దాదాపు మాయమయ్యాయి. దానికి రోడ్ల మీది సన్నటి ధూళి తోడైంది. 1968లో నీళ్లలోకి దించిన తెల్ల పళ్లెం 31 మీటర్ల దాకా కనిపించేది. ఇటీవల అది 20 మీటర్ల దరిదాపుల్లోనే కనుమరుగవుతోంది. రొయ్యలు ఒక్కసారిగా తగ్గిపోయాక, 2022 చివరి నెలల్లో నీళ్లు మళ్లీ 1980ల నాటి తేటకి వచ్చాయి.

‘మరి ఆ రొయ్యల్ని తీసేయొచ్చుగా?’ అన్నాడు మనవడు.

‘వెయ్యడానికి ఒక బకెట్ చాలు నాన్నా. తియ్యడానికే...’ అంటూ ఆగిపోయారు పెద్దాయన.

ఆయనకీ ఒక చెరువుండేది. కొల్లేటి అయిదో కాంటూరు లోపల ఎనిమిదెకరాలు. శీలావతి, బొచ్చె పెంచేవారు. తవుడు, పేడ, ఎరువు... నీళ్లు ఆకుపచ్చగా ఉంటే సంబరపడేవారు. చుట్టూ అలాంటి గట్లే వేల ఎకరాల్లో లేచాయి. వాన నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2006లో పొక్లెయిన్లు వచ్చి గట్లు తెంచాయి. ఆ రాత్రి తెగిన గట్టు మీద కూర్చుని, పెంచిన చేప కొల్లేట్లోకి వెళ్లిపోతుంటే చూస్తూ ఉండిపోయారాయన. అప్పుడు కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఫీజు కట్టింది ఆ చెరువే. తాత చెరువు సంగతి మనవడు వినడం అదే మొదటిసారి. తండ్రి ఆ రాత్రి గట్టు మీదే ఉన్నాడన్న సంగతి కొడుకు వినడమూ అదే మొదటిసారి!

‘తప్పెవరిదంటే ఏం చెప్తాం... ఆ చెరువు లేకపోతే వీడి చదువు లేదు. ఆ చెరువులొచ్చాక నాటు చేప లేదు’ అన్నారాయన, కోసిన చేప ముక్కల్ని కవర్లో సర్దుకుంటూ.

తర్వాత కొల్లేట్లో గట్లు మళ్లీ లేచాయి. తాహోలో మాత్రం ఒక చిన్న ప్రయత్నం సాగుతోంది. పోయిందనుకున్న కట్‌త్రోట్ జాతుల్లో ఒకటి నెవాడా-యూటా సరిహద్దులో ఓ చిన్న కొండవాగులో మిగిలి ఉన్నట్టు 1970ల చివర్లో బయటపడింది. దాని సంతతిని పెంచి, కొన్నేళ్లుగా తాహోలో వదులుతున్నారు. నిలబడాలంటే అవి మాకినా నోట పడకుండా ఎదగాలి, వాగుల్లోకెళ్లి గుడ్లు పెట్టాలి. దానికి చాలా వేసవులు పడుతుంది.

ఆ సాయంత్రం అద్దె ఇంట్లో చింతపండు పులుసు పెట్టారు. మాకినాకి కొవ్వెక్కువ, పులుసు పైన నూనె తేలింది. మనవడు రెండోసారి వడ్డించుకున్నాడు. ఊళ్లో తమ్ముడు ఫోన్ చేసి ‘సరస్సెలా ఉందన్నయ్యా?’ అని అడిగాడు.

‘నీళ్లు అద్దంలా ఉన్నాయిరా. చేపే... ఆ ఊరిది కాదు.’