కొండ మీద డూప్ ఉండడు!

సినిమాలో హీరో కొండ మీంచి సైకిల్ మీద దూసుకొస్తాడు. హాల్లో ఈలలు, చప్పట్లు! అర నిమిషం షాటు. ఆ అర నిమిషం కోసం ఎంతమంది ఎన్ని రోజులు ఎండలో మాడారో, అసలు తొక్కినవాడు హీరోయో డూపో మనకెందుకు? టికెట్ డబ్బులు గిట్టాయా లేదా... అంతే!

కానీ పాఠకులారా, నిజం కొండ మీద డూప్ ఉండడు. 'కట్' చెప్పే డైరెక్టరూ ఉండడు. ఈ ముక్క నాకెలా తెలిసొచ్చిందో చెబుతాను. కథలో విలన్ ఎవరో కూడా ముందే చెప్పేస్తున్నాను. నేనే!

మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. ఆర్టీసీ బస్సుల హారన్లు వింటూ పెరిగినవాణ్ణి. ఆరు రోజులు ఉద్యోగం, ఆదివారం కొండలు. తెల్లారకుండానే లావు టైర్ల సైకిలెక్కి మాయమైపోతాను. బయటూరి నుంచి సైకిల్ పిచ్చివాళ్ళెవరైనా వస్తే, "మద్దిలపాలెంలో ఒకడున్నాడు, దారి చూపిస్తాడు" అని నా దగ్గరికి పంపిస్తారు. నేను డబ్బు తీసుకోను. ఒక ప్లేటు ఇడ్లీ చాలు. దాంతోపాటు "అబ్బ, ఏం తొక్కావు గురూ!" అనే మాట ఒకటి కావాలి. నా జబ్బంతా అక్కడే ఉంది!

మొన్న డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. మా బావకి స్నేహితుడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సాయంత్రం మా వాకిట్లో అట్టపెట్టె విప్పి సైకిల్ బిగిస్తుంటే వీధి పిల్లలంతా మూగారు. ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు, నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకులు! "ఎంతయింది బాబూ?" అని అడిగిన మా అమ్మ, జవాబు విని పెసరట్టు సంగతే మర్చిపోయింది. అట్టు మాడింది. నా లోపల కూడా ఏదో మాడింది. నాది సెకండ్ హ్యాండ్ సైకిల్ మరి! 'రేపు ఈయనకి మన కొండ రుచి చూపించాలి' అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున్న అయిదింటికి బయల్దేరాం. ఇసుకతోట, వెంకోజీపాలెం దాటి, హనుమంతవాక దగ్గర హైవే వదిలి ఆరిలోవ వైపు తిరిగాం. "ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది కదా, దాని దారి హనుమంతవాక మీంచే. 32 కిలోమీటర్లు. మా నాయనమ్మ చెప్పుల్లేకుండా నడిచేది" అన్నాను. "పెద్దావిడ! 32 కిలోమీటర్లు!" అని ఆయన నోరు తెరిచాడు. నాయనమ్మ ఒక మాట అంటుండేది. "ముందు నడిచేవాడికి కళ్ళు వీపు మీద ఉండాలిరా" అని. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు. చెప్పినా నేను వినాలిగా!

ముడసర్లోవ దగ్గర టీ తాగుతూ ఆయనే ఒక కథ చెప్పాడు. 1976లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళని కొండ మీదికి చేర్చి, మట్టిదారిలో కిందికి పందేలు వేసుకున్నారట. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికొచ్చేసరికి చక్రం ఇరుసులో గ్రీజంతా కాలి పొగలొచ్చేదట! మళ్ళీ గ్రీజు నింపితేగాని ఇంకో పందెం లేదు. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు పడింది. ఆ పిచ్చే ఇరవై ఏళ్ళకి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పతకాల ఆట అయింది. "పిచ్చోళ్ళే దునియా నడిపిస్తరు భాయ్!" అని నవ్వాడు. మంచి మనిషి. అయినా నా బుద్ధి మారలేదు.

అన్నట్టు, ఈ కొండలన్నీ ఇష్టమొచ్చినట్టు తొక్కటానికి లేదు. కంబాలకొండ అభయారణ్యం. చిరుతలున్న అడవి. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. నేను తీసుకెళ్ళేది ఊరి అంచున పశువులు తిరిగే మట్టిదారి. జీడిమామిడి చెట్ల మధ్య మూడు మలుపులు ఎక్కి, అదే దారిన దిగటం. మా కొండరాయిని ఖోండలైట్ అంటారు. అది ఎండకీ వానకీ చివికి ఎర్రటి గులకలా రాలుతుంది. చూడటానికి గట్టి నేలే. చక్రం పడితే మాత్రం ఆవాల మీద కాలేసినట్టే!

ఎక్కేటప్పుడు ఆయనే ముందున్నాడు. నేను రొప్పుకుంటూ వెనక. పైకెక్కాక నాకోసం ఆగి, తన సీసాలో నీళ్ళు ఇచ్చాడు. ఆ నీళ్ళు తాగుతూ కూడా 'దిగేటప్పుడు చూపిస్తా' అనుకున్నానంటే, నేనెలాంటివాణ్ణో మీరే చెప్పండి!

రెండో మలుపు దాటగానే వానాకాలంలో నీళ్ళు కోసేసిన గొయ్యి ఒకటుంది. అడుగు వెడల్పు, మోకాలి లోతు. ముందు తెలిస్తే ఏమీ కాదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, ఒళ్ళు వెనక్కి వేసి, గొయ్యిని చూడకుండా దాని పక్కనున్న దారిని చూడాలి. చూపు ఎటుంటే చక్రం అటే పోతుంది. తెలియకపోతే గొయ్యి కనబడేసరికి చెయ్యి ముందు బ్రేకు మీద బిగుసుకుంటుంది.

ఆ గొయ్యి సంగతి ఆయనకి చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. "రండన్నా!" అని ఒక్క కేకేసి దూకించాను. గొయ్యి పక్కనుంచి పాములా జారిపోయి, ఇంకా కిందికి, ఇంకా వేగంగా... అబ్బ, నా వెనక హాలంతా ఈలలే!

కిందకొచ్చి ఆగాను. నిశ్శబ్దం. వెనక చక్రాల చప్పుడు లేదు.

సైకిల్ పడేసి పైకి పరిగెత్తాను. ఆ ఎక్కుడు ఎంత దూరమో ఆ రోజే తెలిసింది. ఆయన తుప్పల్లో ఒక పక్కకి పడి ఉన్నాడు. హెల్మెట్ చీలిపోయింది. మోచెయ్యి నుంచి రక్తం. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయి, "తప్పు నాదే భాయ్. ముందు బ్రేక్ గట్టిగ పట్టిన" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "పర్లేదన్నా, కొత్త దారి కదా" అన్నాను! గొయ్యి ఊసెత్తలేదు. పడెయ్యటం ఒక పాపమైతే, ఆ తప్పుని ఆయన నెత్తినే ఉంచటం దానికి రెండింతలు.

రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ దిగాను. ఎక్స్‌రేలో ఎముకలు విరగలేదని తేలింది. అమ్మ పాలలో పసుపు వేసి ఇచ్చింది. "మావాడు జాగ్రత్తగానే తీసుకెళ్తాడు బాబూ, ఎలా జరిగిందో!" అంది. ఆయన మాట్లాడకుండా పాలు తాగాడు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

రాత్రి మేడ మీద కూర్చున్నప్పుడు ఇక ఆగలేక, "అన్నా... అక్కడ గొయ్యి ఉందని నాకు ముందే తెలుసు. కావాలనే చెప్పలేదు" అన్నాను.

ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. కింద రోడ్డు మీద బస్సు ఒకటి వెళ్ళిపోయింది. తర్వాత అన్నాడు. "నాకెరుకే. పడ్డంక మట్టిల నీ టైరు గీత చూసిన. గొయ్యి రాకముందే పక్కకు మళ్ళి ఉంది. ఎరుకున్నోడే అట్ల మళ్తడు. నువ్వు ఎప్పుడు చెప్తవా అని పొద్దుగాల సంది చూస్తున్న."

తిట్టినా బావుండేది!

ఊరికెళ్ళే ముందు ఆయన్ని భీమిలి తీసుకెళ్ళాను. 'మరోచరిత్ర' తీసిన తీరం చూడాలన్నాడు. 1978లో వచ్చిన ఆ సినిమా తర్వాత ఎంతమంది కుర్రాళ్ళు ఆ బీచిలో తిరిగారో! దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం. వంకరలు తిరిగిన ఆ ఎర్ర లోయలు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. "చెయ్యి తగ్గంక వస్తే దీంట్ల సైకిల్ దించుదామా భాయ్?"

ఒకప్పటి నేనైతే చప్పట్ల కోసం ఊ అనేవాణ్ణే. "వద్దన్నా. వేల ఏళ్ళుగా గాలీ నీరూ చెక్కిన మట్టి ఇది. చక్రం గీత పడితే వాన ఆ గీతనే కాలవ చేసేస్తుంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఇక్కడ నడిచి చూద్దాం" అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "ఈసారి ముందే చెప్పినవ్!"

ఇప్పుడు కూడా అతిథులు వస్తూనే ఉన్నారు. ఎక్కేటప్పుడే ప్రతి గొయ్యి దగ్గరా దింపి, నడిపించి చూపిస్తాను. దిగేటప్పుడు మలుపు మలుపుకీ ఆగి వెనక్కి చూస్తాను. "అబ్బ, ఏం తొక్కావు గురూ!" అని ఈమధ్య ఎవరూ అనటం లేదు. "మళ్ళీ ఎప్పుడెళ్దాం?" అంటున్నారు.

నాకీ డైలాగే బావుంది!