ఏడు గింజల రొట్టె

తిరుమలగిరి అనగానే చాలామంది సికింద్రాబాద్‌లో ఉన్నదనుకుంటారు. మాది అది కాదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో వచ్చే తిరుమలగిరి. మా ఊళ్లో బ్రెడ్డు అంటే టిఫిన్ కాదు, సమాచారం. ఎవరి చేతిలోనైనా బ్రెడ్డు ప్యాకెట్టు, అరడజను అరటిపండ్లు కనబడ్డాయంటే వాళ్లింట్లో ఎవరికో జ్వరమొచ్చిందని లెక్క. జ్వరం ఉన్నన్నాళ్లూ పాలల్లో ముంచుకుని తినడం, తగ్గగానే దాని మొహం చూడకపోవడం మా ఆనవాయితీ.

అలాంటి బ్రెడ్డును, ఒళ్లు వెచ్చబడకుండానే, నా డబ్బులతో నేనే కొనుక్కోవాల్సి వచ్చింది. బడిపంతులుగా రిటైరై ఏడాది తిరక్కముందే రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. "పొద్దున ఇడ్లీలు, దోసెలు తగ్గించండి మాస్టారూ" అన్నారు డాక్టరు గారు. ఆ ముక్క హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి చెవిన పడింది. "డాడీ, రేపట్నుంచి హోల్‌గ్రెయిన్ బ్రెడ్డే" అని ఫోన్లోనే తీర్పు చెప్పేసింది. అప్పీలుకు అవకాశం లేదు.

సూర్యాపేట వెళ్లినప్పుడు పెద్ద షాపులో కొన్నాను. మామూలు బ్రెడ్డుకు రెట్టింపు ధర. కవరు మీద గోధుమ కంకులు, పచ్చటి పొలం, పొద్దుపొడుపు. కింద పెద్దక్షరాలతో 'ఏడు ధాన్యాలు'. దారిలో అరటిపండ్లు కూడా కొనడం నేను చేసిన తప్పు. బస్సు దిగగానే ఎదురింటాయన నన్నూ, నా సంచినీ చూశాడు. ఏమీ అడగలేదు. అదే నా కొంప ముంచింది.

అరుగు మీద కూర్చున్న అమ్మ సంచిలోకి తొంగిచూసింది.

"ఎవలకు పానం బాగలేదురా?"

"నాకేనమ్మా."

"అయ్యో, జరమా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జ్వరం కాదమ్మా, షుగర్."

"షుగరుంటే బ్రెడ్డెందుకు బిడ్డా?"

జవాబు చెప్పేలోపే ఎదురింటి దంపతులు పరామర్శకు వచ్చారు. వాళ్ల వెనుక మరో రెండిళ్లవాళ్లు. ఉత్తచేతులతో రాకూడదు కదా, మూడిళ్లవాళ్లూ తలా ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, అరడజను అరటిపండ్లు తెచ్చారు. "కాసేపు పడుకోండి, వచ్చినవాళ్లకు తృప్తిగా ఉంటుంది" అని మా ఆవిడ నన్ను మంచం ఎక్కించింది. రాత్రికి లెక్క చూసుకుంటే నాలుగు బ్రెడ్డు ప్యాకెట్లు, రెండు డజన్ల అరటిపండ్లు. షుగరున్నవాడింట్లో ఇంతకంటే భాగ్యం ఏముంటుంది?

మర్నాడు పొద్దున ఆ గోధుమరంగు ముక్కను పెనం మీద కాల్చి పెట్టింది మా ఆవిడ. నమిలాను. ఇంకా నమిలాను. దవడలు నొప్పెట్టాయి గానీ అల్లం పచ్చడి ఒక్కటే లోపలికి పోయినట్టనిపించింది. అనుమానం వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కవరు వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. అందులో వేసిన సరుకుల్లో ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలని నిబంధన. నా బ్రెడ్డులో మొట్టమొదటి పేరు మైదా! తర్వాత గోధుమపిండి, ఆ తర్వాత చక్కెర. ఏడు ధాన్యాలూ కలిసి, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా ఎక్కడో చివరి వరుసలో కూర్చున్నాయి. మరి ఈ రంగెక్కడిది? కారమెల్ అట. అంటే మాడ్చిన చక్కెర. షుగర్ తగ్గాలని కొన్న రొట్టెకు చక్కెరతోనే రంగు!

న్యాయంగా చెప్పాలంటే అన్నీ ఇలాంటివే కావు. పొట్టుతో ఉన్న పిండి అంత సులువుగా పొంగదు. మెత్తగా, దూదిలా కావాలంటే మైదా కలపక తప్పదు. మెత్తదనం అడిగేది మనమే, పొట్టు అడిగేదీ మనమే. పూర్తి గోధుమపిండితో చేసేవీ దొరుకుతాయి. రంగు చూసి కాకుండా, వెనక రాసిన మొదటి పేరు చూసి కొనాలి.

"ఏం రాసిండ్రురా?" అంది అమ్మ. చదివి వినిపించాను. ముక్క చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, పైనున్న గింజల్ని లెక్కపెట్టింది.

"ఏడు ధాన్యాలు గాదు బిడ్డా. ఏడు గింజలు ఏసినట్టున్నరు."

ఇల్లంతా నవ్వాం. నవ్వు ఆగాక అంది: "అండ్ల జొన్నలు గూడ ఉన్నయంటివి గద? పైసలు వెట్టి కొన్నవా? అయి వద్దనే గద నువ్వు..." అని ఆగిపోయింది. వాక్యం పూర్తి చేయలేదు. అవసరం లేదు, నాకు గుర్తుంది.

మా చిన్నప్పుడు తెల్లవారుతూనే అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకే మేం లేచేవాళ్లం. పచ్చజొన్నల రొట్టె, ఉల్లిగడ్డ కారం. అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తర్వాత బోర్లు, కాల్వ నీళ్లు వచ్చి చేలన్నీ వరిమళ్లయ్యాయి. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా హెడ్మాస్టరు గారు భోజనానికి వచ్చారు. "అమ్మా, ఆయన ముందు రొట్టెలు పెట్టకు, పరువు పోతది" అని వంటింట్లోకి వెళ్లి చెవిలో చెప్పాను. అమ్మ మాట్లాడకుండా ఎసరు పెట్టింది. ఆ తర్వాత రొట్టెల పెనం అటకెక్కింది. అది ఎప్పుడెక్కిందో కూడా నేను చూడలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మాత్రం, బడిలో పిల్లలకు జొన్నల గొప్పతనం గురించి అరగంట ఉపన్యసించాను!

ఆ వారమే జొన్నలు గిర్నీ పట్టించుకొచ్చాను. అటక మీది పెనం దించాను. అమ్మకు ఎనభై దాటాయి, మణికట్టు సహకరించదు. అందుకని పక్కన పీట వేసుకుని నాకు పాఠం చెప్పింది. గోధుమపిండికున్న జిగురు జొన్నపిండికి ఉండదు. మసిలే నీళ్లు పోసి, బాగా మర్దించి, చేత్తో తట్టాలి. నలభై ఏళ్లు పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి, ఒక్క రొట్టెను గుండ్రంగా దిద్దలేకపోయింది. 2016లో మా ఉమ్మడి నల్లగొండ జిల్లా మూడైనట్టే, నా మొదటి రొట్టె పెనం మీద పడగానే మూడు ముక్కలైంది. అమ్మ ఆ మూడూ తనే తింది.

"జొన్నరొట్టె అని నాలుగు లాగించకండి, దానితోనూ షుగర్ పెరుగుతుంది. రెండు చాలు" అన్నారు డాక్టరు గారు. రెండే తింటున్నాను. ఇంట్లో మిగిలిన తెల్ల బ్రెడ్డుతో మా ఆవిడ డబుల్ కా మీఠా చేసి, పరామర్శించిన ఇళ్లన్నింటికీ పంచింది. నా వంతుకు వాసన వచ్చింది.

మొన్న ఆదివారం నాతో పనిచేసిన మిత్రులిద్దరు వస్తున్నామని ఫోన్ చేశారు. నేను పిండి తాంబాళం ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ నా వంక అదోలా చూసింది.

"చుట్టాల ముందటనారా?"

"వాళ్ల ముందటనే అమ్మా. నీళ్లు మసిలినయా?"

అమ్మ పీట దగ్గరికి జరుపుకుంది. "జర గట్టిగ పిసుకు" అంది.