డాబామీది కన్ను

గండిపేట జలాశయపు సొగసును డ్రోనుతో చిత్రించుకొనుటకు మాకు ఆక్షేపణ లేదు. కాని డాబాపై తల యారబెట్టుకొనుచుండగా నెత్తిమీద జుమ్మని నిలిచిన ఆ కన్ను ఎవరిదో తెలియుటెట్లు? పెరటిగోడ దానికి అడ్డమగునా? 250 గ్రాములకు మించని డ్రోనును నడపువానికి 2021నాటి నియమముల ప్రకారము పైలటు సర్టిఫికెటైనను అక్కఱలేదు.

చట్టమున్నదిగదా యని మావారందురు. ఉన్నది. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2020లో ఇచటికి సమీపమున జన్వాడలో ఒక తోటబంగళాపై డ్రోను ఎగురవేయించెనను ఆరోపణపై పార్లమెంటు సభ్యునే పోలీసులు నిర్బంధించిరి. మన డాబాలకు అంతటి కావలి యేది? తడితలతో ఠాణాకు పరుగిడు ఇల్లాలెవరు?

పొరుగింట అడుగిడుముందు దగ్గుట మన వాడుక. యంత్రమునకు దగ్గు రాదు. కనుక నడపువాడే ముందుగా వాకిటికి వచ్చి చెప్పవలెను, వద్దన్న మరలింపవలెను. చిత్రములో మనము పడినచో మన యెదుటనే తుడిచివేయవలెను.