పాఠాంతరం

గ్రామఫోను ప్లేట్ల మీద వ్యామోహం నాకు అరవై దాటిన తరువాత పట్టుకున్నది. అదైనా హరికథల మీదనో, త్యాగరాజ కృతుల మీదనో కాదు. అమెరికా నల్లజాతివారు తీర్చిదిద్దిన జాజ్ సంగీతం మీద. ఛందోవ్యాకరణాలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితునికి ఈ పరధర్మమేమిటని మిత్రులు పరిహసిస్తుంటారు. వారికి సమాధానంగా ఈ నాలుగు మాటలు.

న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి పాత జాజ్ ఆల్బముల పునర్ముద్రణలను సేకరిస్తాడు. మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఒక్కొక్క ప్లేటు ముప్పయి అయిదు డాలర్లని విని మందలించాను. "పాట ఫోనులో ఉచితంగా వస్తుండగా ఈ దుబారా ఎందుకురా?" అన్నాను. వాడు నవ్వి, "నాన్నగారూ, మీరు ఒకే భాగవతానికి నాలుగు ముద్రణలు ఎందుకు కొన్నారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ శీతకాలం బయట మంచు కురుస్తుండగా ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ ప్లేట్ల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. మూలమైన అయస్కాంతపు టేపును మ్రోగిస్తూ, లక్క వంటి పూత పూసిన అల్యూమినియం పళ్ళెం మీద గాడి చెక్కుతారు. దాని మీద విద్యుత్తుతో లోహపు పూత ఎక్కించి తీసిన అచ్చును తండ్రి అంటారు. తండ్రి నుండి తల్లి, తల్లి నుండి ప్లేట్లను నొక్కే అచ్చులు పుడతాయి. ఆ అచ్చులు కొంతకాలానికి అరిగిపోతాయి. మూలానికి ఎంత దగ్గరి సంతానమైతే పలుకు అంత స్వచ్ఛం. తాళపత్రం నుండి ప్రతి, ప్రతి నుండి ప్రతికి ప్రతి ఎత్తుకున్న మన లేఖకుల వంశవృక్షాలే నాకు గుర్తుకు వచ్చాయి. మంచి పునర్ముద్రణ చేసేవారు మధ్యనున్న ప్రతులను వదలి మూలమైన టేపు దగ్గరకే వెళతారు. పరిష్కర్త చేసే పనీ ఇదే కదా!

అన్నిటిలోనూ నన్ను పట్టుకున్నది మైల్స్ డేవిస్ బృందం 1959లో వెలువరించిన 'కైండ్ ఆఫ్ బ్లూ'. పూర్వం చర్చిగా ఉండి, తరువాత కొలంబియా సంస్థ స్టూడియోగా మారిన న్యూయార్కు 30వ వీధి భవనంలో, ఆ ఏడు మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే దినాలలో దానిని రికార్డు చేశారు. మొదటి పాట 'సో వాట్'. అందులో పాల్ చేంబర్స్ బేస్ వాద్యం మీద ఒక ప్రశ్న వేస్తుంటే, తక్కినవారు రెండే పలుకులలో బదులు చెబుతుంటారు. దాని స్వరాలు పట్టి చూద్దును కదా: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. సాక్షాత్తు మన ఖరహరప్రియ స్వరాలే! గమకాలు లేవు గనుక దీనిని రాగమనను; మేళమని మాత్రం ఒప్పుకుంటాను. రెండు కట్ట శ్రుతిలో పదహారు ఆవృత్తాలు నడిచి, రెండున్నరకు ఎక్కి ఎనిమిది నడిచి, మరల దిగివచ్చి ఎనిమిదింటితో ముగుస్తుంది.

2021లో ఈ ఆల్బమునే సంఖ్యలు వేసి 25,000 ప్రతులుగా ఒకరు పునర్ముద్రించారు. అబ్బాయి దానిని నాకోసం కొన్నాడు. పాత ప్లేట్ల అంగడిలో దొరికిన వెనుకటి ముద్రణ ఒకటి వాడి దగ్గర అప్పటికే ఉన్నది. ఒకనాడు శ్రుతిపెట్టెను రెండు కట్టకు సరిచేసి రెండింటినీ విన్నాను. కొత్త ప్లేటు శ్రుతిలో కలిసిపోయింది. పాత ప్లేటుకు మాత్రం శ్రుతిపెట్టె మరను ఇంచుక పైకి త్రిప్పవలసి వచ్చింది.

కారణం అబ్బాయి చెప్పాడు. మార్చి 2న ప్రధాన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగిందట. ఆ టేపును సరియైన వేగంతో మ్రోగించేసరికి సంగీతం వేగిరమై శ్రుతి హెచ్చింది. ఆనాటి మూడు పాటలూ ప్లేటు మొదటి వైపున చేరాయి. లోకమంతా ఆ తప్పుడు శ్రుతినే విని, ప్రేమించి, దానితో కలిసి వాయిస్తూ నేర్చుకున్నది. ఆ దినమే ప్రక్కన మరొక యంత్రం కూడా తిరిగింది. దాని వేగం సరియైనదే. ఆ రెండవ టేపు ఆధారంగా 1992లో దోషాన్ని సవరించారు. ముప్పయి మూడేళ్ళు ఆ టేపు నిజాన్ని దాచుకుని మౌనంగా పడి ఉన్నదన్నమాట.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు భాగవత పద్యమొకటి అప్పజెబుతూ ఒక పదాన్ని మార్చి చదివాడు. తప్పన్నాను. "మా తాత ఇట్లాగే చెప్పాడండీ" అన్నాడు. ఎదురుచెప్పాడన్న కోపంతో బల్ల ఎక్కించి, నా పాఠాన్ని నూరుసార్లు వ్రాయించాను. చాలా ఏళ్ళకు ఒక పరిష్కృత ప్రతిని తిరగవేస్తుంటే తాతగారి పాఠమే మూలంలో కనబడింది. నాది అడుగున, సూక్ష్మాక్షరాలలో ఉన్నది. నేను పుస్తకం మూసివేశాను. ఎవరికీ చెప్పలేదు.

స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత వాకబు చేసి అతనిని వెదకి పట్టుకున్నాను. మండల కేంద్రంలో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. జుట్టు నెరసిపోయింది. లేచి కుర్చీ వేశాడు. నేను వచ్చిన పని చెప్పబోయేలోగా, "మీరు నేర్పిన పద్యం ఇంకా మరిచిపోలేదు మాష్టారూ" అని కళ్ళు మూసుకుని చక్కగా చదివాడు. చదివినది నా పాఠం. నూరుసార్లు వ్రాయించాను కదా!

"నాయనా, తప్పు నాది. మీ తాతగారు చెప్పినదే సరియైనది" అన్నాను.

అతడు కొంతసేపు ఊరుకుని, "తాత ఏమని చదివేవాడో ఇప్పుడు జ్ఞాపకం లేదండీ" అన్నాడు.

ప్రక్కన తిరిగిన యంత్రం ఆ తాత. ఆ టేపును చెరిపివేసినవాడిని నేను. నాకు మిగిలినది అచ్చు పుస్తకం ఒక్కటే. అందులోని పాఠాన్ని అతనికి చదివి వినిపించాను. అతడు తడుముకుంటూ తిరిగి చదివాడు. ఆ పదం దగ్గర రెండుసార్లు నా తప్పే పలికి, మూడవసారి సరిచేసుకున్నాడు. ఇంతలో ఎరువుల బస్తాల కోసం ఎవరో వచ్చారు. నేను లేచి సెలవు తీసుకున్నాను.

ఆ 25,000లో ఒకటి ఇప్పుడు నా గదిలో ఉన్నది. మొదటి వైపును తరచు వింటాను. మిత్రులు మాత్రం అది కాలక్షేపమనుకుంటున్నారు.