ముందు ట్రిస్సా, యెన్నెఫరా?

‘విచర్’ వీడియో ఆటలు మూడూ చవగ్గా దొరికాయని కొనేసి, ఏది ముందు మొదలుపెట్టాలో తేలక అలాగే ఉంచేశారట కదా! సలహా అడిగితే సగం మంది మొదటిదాంతో మొదలుపెట్టమనీ, మిగతా సగం తిన్నగా మూడోదానికి పొమ్మనీ చెప్పి ఉంటారు. రెండు పక్షాలూ వాదించేది ఒక్కదాని గురించే: పాతవి ఆడకపోతే కథ అర్థమవుతుందా అని. నన్నడిగితే, అసలు తేడా అక్కడ లేదండీ.

కథ సంగతి ఆ ఆట చేసినవాళ్లే చూసుకున్నారు. పోలండ్ రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ ఈ వరసలో మొదటి కథ రాసింది 1986లో. వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ ఆ లోకాన్ని ఆటగా తెచ్చింది 2007లో. పుస్తకాల మొహం చూడనివాళ్లకీ ఇబ్బంది లేకుండా, రాక్షసుల్ని వేటాడే మన గెరాల్ట్‌కి జ్ఞాపకం పోయిందన్నారు. ఆయనకే ఏమీ గుర్తులేనప్పుడు మీకు తెలియకపోతే తప్పేముంది? 2015లో వచ్చిన మూడో ఆట ‘వైల్డ్ హంట్’లో ఇంకో ఉపాయం ఉంది. రాజభవనంలో మంగలి గడ్డం గీస్తుండగా ఓ సేనాధికారి పక్కన నిలబడి, వెనక జరిగినవన్నీ ఆరా తీస్తాడు. మీరిచ్చే జవాబులే మీ గతమైపోతాయి. ఫలానావాణ్ణి ప్రాణాలతో వదిలేశానంటే, తర్వాత వాడు ఒకచోట తగులుతాడు కూడా.

పోనీ, పాత ఆటల్లో మనం తీసుకున్న నిర్ణయాలు కొత్తదాంట్లో ఏమైనా పెద్ద మార్పు తెస్తాయా అంటే, అదీ అంతంతమాత్రమే. 2011 నాటి రెండో ఆటలో రోష్ అనేవాడి పక్షమా, యోర్‌వెత్ అనేవాడి పక్షమా అన్నదాన్నిబట్టి రెండో అధ్యాయమంతా వేరైపోతుంది. ఒక దారిలో మీరుండేది సైనిక శిబిరంలో, ఇంకో దారిలో మరుగుజ్జుల ఊళ్లో. మూడో ఆటకొచ్చేసరికి రోష్ ఉంటాడు, యోర్‌వెత్ అయిపూ అజా ఉండదు!

మరి తేడా ఎక్కడంటారా? మనసు దగ్గర. మూడో ఆటలో గెరాల్ట్ ఇద్దరు మంత్రగత్తెల మధ్య తేల్చుకోవాలి: ట్రిస్, యెన్నెఫర్. మొదటినుంచీ ఆడుతూ వచ్చినవాళ్లకి ట్రిస్ రెండు ఆటల నాటి తోడు. యెన్నెఫరేమో రెండోదాంట్లో జ్ఞాపకాల బొమ్మల్లో తప్ప ఎక్కడా ఎదురుపడలేదు. హఠాత్తుగా వచ్చి, ‘నేనే నీదాన్ని’ అంటే ఎవరికి మింగుడుపడుతుంది? మూడోదాంతోనే మొదలుపెట్టినవాళ్లకి ఇదంతా తలకిందులు. ఆట తెరుచుకునేదే యెన్నెఫర్ ఉన్న కలతో. ఆ తర్వాత ఆమెను వెతుక్కుంటూ వెళ్లడమే పని. ట్రిస్ నొవిగ్రాడ్ నగరంలో చాలా ఆలస్యంగా కనబడుతుంది. పెళ్లికి ఆడపిల్ల తరఫున వెళ్లినవాళ్లకీ, మగపెళ్లివారి బస్సులో దిగినవాళ్లకీ ఒకే తగవు రెండు రకాలుగా వినబడుతుంది చూశారూ, అచ్చం అలాగే. ఇద్దరికీ మాటిచ్చి తప్పించుకుందామని మాత్రం చూడకండి. ఇద్దరూ కలిసి గెరాల్ట్‌ని మంచానికి కట్టేసి చక్కా పోతారు.

ఈ చిక్కు అన్ని వరసలకీ ఉండదు. ‘ఎల్డర్ స్క్రోల్స్’ తీసుకోండి. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ కథ, 2006 నాటి ‘ఒబ్లివియన్’ కథకి రెండొందల ఏళ్ల తర్వాత, వేరే ప్రాంతంలో, కొత్త హీరోతో నడుస్తుంది. ఎటునుంచి ఆడినా మీకు పాత బంధుత్వాలేం ఉండవు. ‘విచర్’లో మనిషి ఒకడే, వాడి గతం ఒకటే. అందుకే ఆడే వరస మారితే మీ పక్షం మారుతుంది.

కాబట్టి నా మాట ఇదీ: రెండోదాంతో మొదలుపెట్టండి. మొదటిదాంట్లో కర్సర్ మీద కత్తి బొమ్మ మండిన క్షణాన్ని కనిపెట్టి క్లిక్ చేస్తూ పోవాలి, ఇవాళ్టి చేతులు ఊరుకోవు. పైగా దాన్ని కొత్తగా మళ్లీ చేస్తున్నామని 2022లోనే ప్రకటించారు, ఆ వచ్చేది చూద్దురుగాని. రెండోది మొదట్లో కాస్త గట్టిగానే కొడుతుంది. సిగ్గుపడకుండా ఈజీలో పెట్టుకోండి. ట్రిస్ మీద కొంచెం మమకారం పెంచుకుని మూడోదానికి వెళితే, యెన్నెఫర్ ఎదురైనప్పుడు మీ తీర్పు తేలిగ్గా తేలదు. ఆ తేలకపోవడంలోనే మజా. ఫ్లాట్సమ్ అనే రేవు ఊరు దాటేసరికి కూడా ఆట రుచించలేదనుకోండి, మొహమాటం లేకుండా మూడోది తెరవండి.

ఒకటి మాత్రం వాయిదా వేయకండి. సిరి అనే అమ్మాయి నాయికగా రాబోయే నాలుగో ఆట ట్రైలర్ 2024 డిసెంబరులో చూపించేశారు. అది వచ్చేశాక మూడోదే పాత ఆట అవుతుంది. ‘ముందు అది ఆడాలా?’ అని మిమ్మల్ని అడిగేవాళ్లు తయారవుతారు. ఈలోగా ట్రిస్సో, యెన్నెఫరో తేల్చుకుని రండి, నేనెటో అప్పుడు చెబుతాను.