నలుగురి పరుగు... ఐదో మనిషి బలం!

అట్లాంటిక్‌ నీలంలో ఓ చిన్న దీవి. పేరు న్యూ ప్రావిడెన్స్‌. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 11. తణుకులో బస్సెక్కి భీమవరంలో దిగితే ఎంత దూరమో ఇంచుమించు అంతే, ఈ కొసనుంచి ఆ కొసకి. బహామాస్‌ రాజధాని నసావ్‌ ఉన్నది ఈ దీవిలోనే. 2024 మే 5, ఆదివారం రాత్రి... ఆ నసావ్‌ స్టేడియంలో నిజంగానే ఓ తణుకు అమ్మాయి బ్యాటన్‌ కోసం చెయ్యి చాచి నిలబడింది. పేరు దండి జ్యోతికశ్రీ. మనకు అప్పుడు సోమవారం తెల్లవారుతోంది.

అమ్మాయిలు నలుగురు, అబ్బాయిలు నలుగురు. రెండు జట్లు, రెండు పరుగులు. పారిస్‌ ఒలింపిక్స్‌కి వెళ్లేదీ లేనిదీ ఏడు నిమిషాలు కూడా పట్టని ఆ రెండు పరుగుల్లోనే తేలిపోవాలి!

పరుగే అక్కడ పండగ

ఇంతకీ ప్రపంచ రిలే పోటీలు ఆ దీవిలో ఎందుకు పెట్టారు? బహామాస్‌ అంటే 700 దీవులు. వాటిలో జనం ఉండేవి కొన్నే. దేశం మొత్తం జనాభా నాలుగు లక్షలు... మన రాజమండ్రి ఊరంత అనుకోవచ్చు. 1973 జులై 10న బ్రిటిష్‌ పాలన నుంచి స్వాతంత్య్రం తెచ్చుకున్న ఈ దేశానికి రిలే అంటే ప్రాణం.

దానికి కారణాలున్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 4×100 మీటర్ల రిలే స్వర్ణం బహామాస్‌దే. జమైకా, అమెరికా వెనకబడ్డాయి. ఆ అమ్మాయిలను అక్కడివాళ్లు ఇప్పటికీ ‘గోల్డెన్‌ గర్ల్స్‌’ అనే పిలుచుకుంటారు. 2012 లండన్‌లో మగవాళ్ల వంతు. 4×400 మీటర్ల ఫైనల్‌. క్రిస్‌ బ్రౌన్‌, డెమిట్రియస్‌ పిండర్‌, మైకేల్‌ మాథ్యూ, రామన్‌ మిల్లర్‌... నలుగురూ కలిసి 2 నిమిషాల 56.72 సెకన్లలో పరుగు ముగించి అమెరికాను రెండో స్థానానికి నెట్టేశారు. రాజమండ్రి అంత జనం ముప్ఫై కోట్లకు పైగా ఉన్న దేశాన్ని ఓడించారన్నమాట!

అందుకే 2014లో ప్రపంచ రిలే పోటీలు మొదలుపెట్టినప్పుడు తొలి వేదిక నసావ్‌ అయింది. 2015, 2017 పోటీలూ అక్కడే. 2024లో నాలుగోసారి. వేదిక పేరు థామస్‌ ఎ.రాబిన్సన్‌ స్టేడియం. చైనా కానుకగా కట్టించి ఇచ్చింది, 2012లో తెరిచారు. రాబిన్సన్‌ ఎవరంటే... 1956 నుంచి 1968 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఆ దేశపు తొలితరం వీరుడు. 1964 టోక్యోలో వంద మీటర్ల ఫైనల్‌ దాకా వెళ్లాడు.

మెట్లు, డప్పులు, నత్త కూర

మన దగ్గర్నుంచి నసావ్‌కి నేరుగా విమానాలు లేవు. లండన్‌ మీదుగానో అమెరికా మీదుగానో వెళ్లాలి. దిగాక మాత్రం ఓ చిన్న ఊరట... వాహనాలు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి! బహామాస్‌ డాలరుకీ అమెరికా డాలరుకీ విలువ సమానం కాబట్టి దుకాణాల్లో రెండూ చెల్లుతాయి.

బే స్ట్రీట్‌ ఊరికి నడిబొడ్డు. గులాబీ రంగు పార్లమెంటు భవనాలు, తాటాకు లాంటి ఆకుతో అల్లిన బుట్టలూ టోపీలూ అమ్మే స్ట్రా మార్కెట్‌ అక్కడే. రేవులో అపార్ట్‌మెంట్లంత ఎత్తున క్రూజ్‌ ఓడలు. కాస్త పైకి నడిస్తే ‘క్వీన్స్‌ స్టెయిర్‌కేస్‌’. 1790ల్లో బానిసలు సున్నపురాతి కొండను చేత్తో తొలిచి చేసిన మెట్లవి. 66 మెట్లంటారు, ఇప్పుడు కనిపించేవి 65. అవెక్కితే ఫిన్‌కాసిల్‌ కోట, కింద ఊరంతా, ఆపైన సముద్రం.

డిసెంబరు 26నా జనవరి ఒకటినా వెళ్తే ‘జంకనూ’ చూడొచ్చు. రంగురంగుల వేషాలతో, మేకతోలు డప్పులతో, గంటలతో, ఈలలతో తెల్లవారేదాకా ఊరేగింపులే. మన జాతర్లు గుర్తొస్తాయి. రిలే పోటీలప్పుడు ఆ డప్పులే స్టేడియంలోకి వస్తాయి. ఇక తిండి... అరవాక్‌ కే అనే చోట వరసగా చేపల హోటళ్లు. శంఖం లాంటి పెద్ద గవ్వలో ఉండే కాంక్‌ అనే నత్త అక్కడి ప్రత్యేకం. పచ్చిదాన్నే సన్నగా తరిగి ఉల్లిపాయ, టమాటా, మిరపకాయ వేసి, నిమ్మరసం పిండి చేతికిస్తారు. పచ్చిది వద్దనుకుంటే పిండిలో ముంచి వేయించిందీ ఉంటుంది.

ఆ రెండు రాత్రులు

నసావ్‌లో మే 4న, మొదటి రోజు ప్రతి హీట్‌లోనూ తొలి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు పారిస్‌ బెర్తు ఖాయం. మన పురుషుల 4×400 జట్టు మీద ఆశలు మామూలుగా లేవు. అంతకుముందు ఏడాదే, 2023 ఆగస్టులో బుడాపెస్ట్‌ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ హీట్స్‌లో మహమ్మద్‌ అనస్‌, అమోజ్‌ జాకబ్‌, మహమ్మద్‌ అజ్మల్‌, రాజేశ్‌ రమేశ్‌ 2 నిమిషాల 59.05 సెకన్లతో ఆసియా రికార్డు రాశారు. అమెరికా జట్టుకు అర సెకను పైచిలుకు దూరంలో రెండో స్థానం! ఫైనల్లో అయిదో స్థానం. ఆ తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం.

కానీ నసావ్‌లో తొలిరోజు కథ అడ్డం తిరిగింది. రెండో లెగ్‌లో పరుగెత్తుతున్న రాజేశ్‌కు కండరాలు పట్టేశాయి. ఆగిపోయాడు. బ్యాటన్‌ మూడో మనిషి దాకా చేరనేలేదు. నలుగురిలో ఒక్కరు ఆగితే నలుగురూ ఆగినట్టే... రిలేలోని కనికరం లేని నియమం ఇదే. మహిళల జట్టు తమ హీట్‌లో అయిదో స్థానంలో నిలిచింది. రెండు జట్లకూ చేతిలో మిగిలింది మర్నాటి అవకాశం ఒక్కటే.

మర్నాడు రాజేశ్‌ లేడు. అతని స్థానంలో ఆరోకియా రాజీవ్‌ వచ్చాడు. అప్పటికి అతనికి దాదాపు 33 ఏళ్లు. టోక్యో ఒలింపిక్స్‌లో 3 నిమిషాల 0.25 సెకన్లతో అప్పటి ఆసియా రికార్డు సాధించిన జట్టులో ఒకడు. అనస్‌, అజ్మల్‌, రాజీవ్‌, అమోజ్‌... 3 నిమిషాల 3.23 సెకన్లు. అమెరికా తర్వాత రెండో స్థానం. పారిస్‌ టికెట్‌ చేతికొచ్చింది! మహిళల్లో రూపల్‌ చౌధరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభ వెంకటేశన్‌ 3 నిమిషాల 29.35 సెకన్లతో జమైకా తర్వాత నిలిచారు. వాళ్లకీ టికెట్‌ వచ్చేసింది.

గోదావరి గడ్డ మీద ఈ కబురుకు ఇంకో విశేషం ఉంది. సరిగ్గా 20 ఏళ్ల కిందట, 2004 ఏథెన్స్‌ ఒలింపిక్స్‌లో ఫైనల్‌ చేరి ఏడో స్థానంలో నిలిచిన మన మహిళల రిలే బృందంలో సత్తి గీత ఉంది. ఆమెదీ పశ్చిమగోదావరే, ఊరు మార్టేరు. తణుకుకు కూతవేటు దూరమే! ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు రాసిన 3 నిమిషాల 26.89 సెకన్ల జాతీయ రికార్డు 2025 చివరికి కూడా చెరగలేదు.

ఇరవై మీటర్ల విద్య

రిలే అంటే నలుగురు వేగంగా పరుగెత్తితే చాలనుకుంటాం. చాలదు. 4×400లో బ్యాటన్‌ మారాల్సింది 20 మీటర్ల హద్దులో. అడుగు దాటితే అనర్హతే. 4×100లో వెనక్కి చూడకుండానే చెయ్యి చాస్తారు. 4×400లో అలా కుదరదు. అలసిపోయి తూలుతూ వచ్చే సహచరుణ్ని చూసి, అతని వేగాన్ని అంచనా వేసి అందుకోవాలి. పక్కన ఇంకో ఏడు జట్ల తోపులాట ఉంటుంది. ఏళ్ల తరబడి కలిసి ఉంటే తప్ప అబ్బని విద్య ఇది.

ఒంటరి పరుగులో మనవాళ్లు వెనకబడే ఉన్నారు. 400 మీటర్లలో మన జాతీయ రికార్డు, 2025లో విశాల్‌ నెలకొల్పింది, 45.12 సెకన్లు. బహామాస్‌ వీరుడు స్టీవెన్‌ గార్డినర్‌ది 43.48. అయినా బుడాపెస్ట్‌లో మన నలుగురి సగటు 45 సెకన్ల లోపే తేలింది. ఎలా? మొదటివాడు తప్ప మిగతావాళ్లంతా కదులుతూనే బ్యాటన్‌ అందుకుంటారు కాబట్టి కొంత కలిసొస్తుంది. మిగతాది పక్కవాడి మీద నమ్మకం. మహావీరుడు లేని దేశానికి ట్రాక్‌ మీద దొరికే దారి రిలేయే!

మరి పారిస్‌లో ఏమైంది? రెండు జట్లూ హీట్స్‌ దాటలేదు. పురుషులది 3 నిమిషాల 0.58 సెకన్లు, మహిళలది 3 నిమిషాల 32.51 సెకన్లు. బుడాపెస్ట్‌ మెరుపు ఏడాది తిరిగేసరికి అందకుండా పోయింది. 2025లో గుమిలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మహిళలు స్వర్ణం గెలిచారు. ఆ నలుగురిలో కూనవరం ప్రాంతం నుంచి వచ్చిన గిరిజన యువతి కుంజా రజిత ఉంది. కానీ టైమింగ్‌ 3 నిమిషాల 34.18 సెకన్లు. ఆసియాలో పతకానికి అది సరిపోయింది, ప్రపంచ ఫైనల్‌కి సరిపోదు. పురుషుల్లో విశాల్‌తో సహా కొత్త నలుగురు రజతం తెచ్చారు. ఆశ అక్కడుంది... పాతవాళ్లకు తోడు కొత్తవాళ్లు చేరుతున్నారు.

సిడ్నీలో బహామాస్‌ గెలిచిన ఆ స్వర్ణాన్ని మెడలో వేసుకున్నది నలుగురు కాదు, అయిదుగురు. ఫైనల్లో పరుగెత్తకపోయినా హీట్స్‌లో పరుగెత్తిన ఎల్డీస్‌ క్లార్క్‌కీ పతకం దక్కింది. నాలుగు లక్షల జనం ఉన్న దీవులకు అయిదో మనిషి దొరికింది. నసావ్‌లో మన జట్టునూ గట్టెక్కించింది అయిదో మనిషే. అలాంటి అయిదో మనిషి, ఆరో మనిషి... మార్టేరులోనో తణుకులోనో కూనవరంలోనో ఇప్పుడు బడి మైదానంలో చెప్పుల్లేకుండా పరుగెడుతూ ఉండొచ్చు. చాచిన చేతిలో బ్యాటన్‌ పెట్టేవాళ్లే కావాలి!